గొంతు కోమలిది, చూపు గ్రేసీది

ఆ రోజు లెక్కల సారు దొరస్వామి సెలవు పెట్టాడు. ఎనిమిదో తరగతి బీ సెక్షన్‌కి పీరియడ్ ఖాళీ దొరికింది. పక్క క్లాసు టీచరు వచ్చి "గమ్మునుండండి" అని హెచ్చరించి వెళ్లిన కాసేపటికి, కోమలి లేచి బోర్డు దగ్గరికి నడిచింది. సుద్దముక్క తీసుకుని, దాంతోనే లేని కళ్లజోడును ముక్కు మీదికి తోసుకుంది. ముక్కు మీద తెల్లగా మరక పడింది. క్లాసు వైపు తిరిగి గొంతు బొంగురు చేసింది.

"ఈ ఎక్స్ యాడికి పాయ? ఆ పక్కకు పాయ. పోతే ఏమాయ? మైనస్సాయ! అర్థమాయనా? కాలేదా? కాకపోతే మల్లా సెప్తా, యినండి. ఈ ఎక్స్ యాడికి పాయ?"

క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. నవ్వనిది ఒక్క గ్రేసీ. మూడో బెంచీలో చెంపకు చెయ్యి ఆనించుకుని, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూస్తోంది. కోమలి కళ్లు కలవగానే గ్రేసీ తల కొద్దిగా కిటికీ వైపు తిప్పింది. కోమలికి గుర్తొచ్చింది. "మల్లా సెప్తా" అనే ముందు సారు ప్రతిసారీ కిటికీలోంచి బయటికి చూసి నిట్టూరుస్తాడు. ఈసారి ఆ నిట్టూర్పు కూడా కలిపింది. నవ్వు రెట్టింపయింది. వెనక బెంచీలో ఎవరో ఈల వేశారు.

కోమలిది, గ్రేసీది ఒకే ఊరు, ఊటవంక. పాకాల నుంచి పూతలపట్టు పోయే రోడ్డు మీద కొంత దూరం వచ్చి, మామిడి తోటల మధ్యకు మళ్లితే వస్తుంది. గ్రేసీ వాళ్ల నాయన ప్రేమానందం షేర్ ఆటో నడుపుతాడు. పొద్దున పాల క్యాన్లు, కూరగాయల మూటలు, ఆసుపత్రికి పోయేవాళ్లు, వీటన్నిటి మధ్య ఇద్దరమ్మాయిలు ఒకరి ఒళ్లో ఒకరు బ్యాగులు పెట్టుకుని కూర్చుంటారు. ఈ ఆట మొదలైంది ఆ ఆటోలోనే. ఎక్కినవాళ్లను గ్రేసీ చూసేది. దిగాక కోమలి చెవిలో చెప్పేది. "ఆ పెద్దమ్మ సిల్లర అడిగితే యినపడనట్టు ముందర రెండో చెవి ఇస్తాది, అప్పుడే జవాబు సెప్తాది." కోమలి ఆ పెద్దమ్మ గొంతు పలికేది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకునేవాళ్లు. గ్రేసీకి గొంతు మార్చడం అస్సలు రాదు, ఏ మాట అన్నా తన బొంగురు గొంతులోనే వస్తుంది. కోమలికేమో గ్రేసీ చూసేవి కనపడవు.

ఈ సంగతి క్లాసులో ఎవరికీ తెలియదు. వాళ్లకు కోమలి మాత్రమే కనపడింది.

మరుసటి రోజు మధ్యాహ్న భోజనం దగ్గర మోహన పిలిచింది. మోహన వాళ్లకు పాకాల బజారులో బట్టల కొట్టు ఉంది. మోహన పొడుగ్గా ఉంటుంది, డాన్సు బాగా చేస్తుంది, ఏ విషయమైనా తేల్చేసినట్టు మాట్లాడుతుంది. మైదానం చివరన ఉన్న సిమెంటు స్టేజీ అంచు మీద, కాళ్లు కిందికి వేలాడేసుకుని, ఆమె, భానుచందర్, ఇంకో నలుగురు రోజూ కూర్చుని తింటారు. అక్కడ వేరేవాళ్లు కూర్చోకూడదని రూలేమీ లేదు. అయినా ఎవరూ కూర్చోరు.

"కోమలీ, ఇట్ల రామ్మే. మాతో కూసో."

కోమలి వెనక్కి చూసింది. గ్రేసీ ఇంకా వరుసలో ఉంది, ప్లేట్లో గుడ్డు వేయించుకుంటోంది.

"గ్రేసీ కూడా..."

"ఆ అమ్మి వొద్దులే," అంది మోహన. "ఊరికే గుడ్లప్పగించి అందర్నీ సూస్తా ఉంటాది. మాకు తిన్నెట్టుండదు."

ఒక్కపూటే కదా అనుకుంది కోమలి. ఎక్కి కూర్చుంది. గ్రేసీకి తర్వాత చెప్పవచ్చులే అనుకుంది. ఆ తర్వాత అనేది రాలేదు.

అబద్ధమెందుకు, కోమలికి అది బాగా నచ్చింది. ఆరో తరగతి పిలకాయలు "కోమలక్కా, ఒక్కసారి సారు మాదిరి మాట్లాడక్కా" అని వెంటపడ్డారు. పేరు కూడా తెలియని పదో తరగతి అబ్బాయిలు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. కోమలి సారును చేస్తుంటే భానుచందర్ తన ఫోన్‌లో తీసిన వీడియో ఆదివారానికల్లా పాకాలంతా తిరిగింది. పాల సొసైటీ దగ్గర ఎవరో చెబితే కోమలి వాళ్లమ్మ భారతమ్మ ఇంటికొచ్చి, "మా పాప అంత పెద్దదైపోయినాదా" అని బుగ్గ గిల్లింది.

ఆటోలో మాత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చోక తప్పదు. గ్రేసీ ఏమీ అడగలేదు. హోంవర్కు గురించి అడిగితే జవాబు చెప్పేది. ఆటో దిగాక తన దారిన తాను నడిచేది. మధ్యాహ్నం లైబ్రరీ గదిలోకి వెళ్లి, తెలుగు టీచరు శకుంతలమ్మకు పుస్తకాలు సర్దిపెట్టేది. గ్రేసీ తిట్టి ఉంటే కోమలి కూడా తిట్టి, సాయంత్రానికి కలిసిపోయేది. తిట్టకపోయేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

దసరా సెలవులు అయ్యాయి. స్టేజీ అంచు మీద రోజూ ఎవరినో ఒకరిని చేసి చూపించాలి. చూసినవాళ్లు మళ్లీ అదే చూడరు. కోమలి శకుంతలమ్మ టీచర్‌ను చేసింది, అటెండరును చేసింది, బస్టాండు దగ్గర తమిళం కలిపి మాట్లాడే పూలమ్మే ఆమెను చేసింది. గొంతులు సరిగ్గానే వచ్చాయి. ఏదో తక్కువైంది. నవ్వు చిన్నదైపోతోందని ఆమెకే తెలిసింది. నవ్వు తగ్గేకొద్దీ ఆమె గొంతు పెంచింది. చేతులు ఎక్కువగా ఊపింది. ఒకరోజు భానుచందర్ అరటిపండు తొక్క తీస్తూ, "ఇది నిన్న సేసిందే గదా, కొంగు మార్చినావు, అంతే," అన్నాడు. అందరూ దానికి నవ్వారు. కోమలి కూడా నవ్వింది. నవ్వుతూనే, వీళ్లతో ఇన్నాళ్లు కూర్చుని తాను ఒక్క సొంత మాటయినా మాట్లాడిందా అని ఆలోచించింది. గుర్తు రాలేదు.

"కొత్తది కావాల," అంది మోహన. కాసేపు ఆలోచించి, "ఆ! గ్రేసీని సెయ్," అంది.

అందరూ ముందే నవ్వడం మొదలుపెట్టారు. "అవునవును, ఆ గొంతు! ఆ సూపు!" అని భానుచందర్ స్టేజీ మీద చోటు ఖాళీ చేశాడు.

కోమలి లేచి నిలబడింది. చేయడం ఆమెకు కష్టమేమీ కాదు. గ్రేసీ చివరి మాటను రెండుసార్లు అంటుంది. జడ కొనను వేలికి చుట్టుకుంటుంది. రెప్ప వేయకుండా చూసి, చూసింది నచ్చితే ఎడమ పెదవి ఒక్కటే కదిలిస్తుంది. గ్రేసీ దగ్గరున్న ప్రతిదీ కోమలికి తెలుసు. జడ ముందుకు వేసుకుని, కొన పట్టుకుంది.

అప్పుడే గుర్తొచ్చింది. ఏడో తరగతిలో, ఒక మధ్యాహ్నం, బెంచీ మీద నుంచి లేవాలంటే కోమలికి భయమేసింది. యూనిఫాం వెనక మరక. మొదటిసారి. గ్రేసీ ఏమీ అడగలేదు, తన స్వెట్టరు తీసి కోమలి నడుముకు కట్టింది. గేటు దాకా వెనకే, మడమలు తొక్కేంత దగ్గరగా నడిచింది. అది చాలదన్నట్టు, చర్చిలో పాడే పాట ఒకటి ఎత్తుకుని, మైదానమంతా వినపడేటట్టు, ఆ బొంగురు గొంతుతో శ్రుతి లేకుండా పాడుతూ వచ్చింది. కబడ్డీ ఆడుతున్న అబ్బాయిలు ఆట ఆపేసి గ్రేసీని చూసి నవ్వారు. అందరూ గ్రేసీనే చూశారు. కోమలిని ఒక్కరూ చూడలేదు.

కోమలి జడ వదిలేసి వెనక్కి వేసుకుంది.

"నాకు రాదు," అంది.

"నీకు రాకపోవడమేంది?" అన్నాడు భానుచందర్.

రాదనడం అబద్ధం. అబద్ధం చెప్పి తప్పించుకోవాల్సిన అవసరం ఏముందని కోమలికి అనిపించింది.

"వస్తాది. అందరికన్నా బాగా వస్తాది. సెయ్యను."

మోహన నవ్వు ఆగిపోయింది. "నీకు ఆ అమ్మి అంత ఇదైతే ఇన్నాళ్లూ ఈడ యాల కూసున్న్యావు?"

"అదే నాకూ తెల్దు," అంది కోమలి. కోపంగా అనలేదు, నిజంగానే అంది. ప్లేటు తీసుకుని స్టేజీ మీద నుంచి కిందికి దూకింది. వెనక ఎవరో ఏదో అన్నారు. వినపడింది గానీ తిరిగి చూడాలనిపించలేదు. మైదానం దాటుతుంటే, గట్టిగా బిగించిన జడను విప్పుకున్నట్టు తల తేలికైంది.

లైబ్రరీ గదిలో గ్రేసీ కింద కూర్చుని, అట్టలూడిన పుస్తకాలకు బంక రాస్తోంది. తలెత్తి చూసింది.

"ఏంది, దించేసినారా?"

"నేనే దిగొచ్చినా."

"ఎందుకు?"

"నిన్ను సెయ్యమన్నారు. సెయ్యనని సెప్పినా."

ఈ మాటకు గ్రేసీ కరిగిపోతుందని కోమలి అనుకుంది. గ్రేసీ బంక డబ్బా మూత పెట్టింది, తీరిగ్గా.

"నన్ను సేసుంటే ఏమయ్యేది? నవ్వేవోళ్లు. నవ్వితే నాకేమన్నా అరిగిపోతాదా? నువ్వు సేస్తే నేనూ సూసేదాన్ని, సూసేదాన్ని." డబ్బా పక్కన పెట్టింది. "నాకు దాని గురించి కాదుమే. ఆ పొద్దు నేను గుడ్డేయించుకోని వచ్చేసరికి నువ్వు ఆడ కూసోనుండావు. రెండు ప్లేట్లకు సోటు పట్టి పెట్టుంటావని సూస్తి. నేను ఆడ కూసుంటానని ఒక్క మాట సెప్పుంటే, పోమ్మే అనుందును. సెప్పనే లేదు."

కోమలికి చెప్పడానికి సాకులు చాలా ఉన్నాయి. ఒక్కటీ బయటికి తీయలేదు.

"అవును. సెప్పకుండా పోయినా. తప్పు నాదే."

"ఊఁ."

"ఇంగ రాకూడదా నేను?"

"రావొద్దని ఎవురన్నారు? నీకోసరం ఎదురుసూస్తా కూసోనుండానని మాత్రం అనుకోవద్దు. నాకీడ పనుండాది." ఇంకో పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి, తల ఎత్తకుండానే, బంక డబ్బాను కాలితో కోమలి వైపు తోసింది.

మరుసటి రోజు పొద్దున ఆటోలో గ్రేసీ ముందు సీట్లో వాళ్ల నాయన పక్కన కూర్చుంది. కోమలి వెనక ఒక్కతే, రెండు టమోటా బుట్టల మధ్య. ఇంకా ఎవరూ ఎక్కలేదు. ఊరు దాటాక ప్రేమానందం అద్దంలోంచి కోమలిని చూసి, "ఏం పాపా, నీ దోస్తు నాకు కాపలా వచ్చింది ఈ పొద్దు," అన్నాడు.

"నాయనా, నీకొకటి సూపిస్తా," అంది గ్రేసీ. సీట్లోనే వెనక్కి తిరిగింది. వీపు నిటారుగా పెట్టింది. కాళ్లు రెండూ కలిపి ఊపింది. తర్వాత ఎవరో జోకు వేసినట్టు ఒక పక్కకు చూసి, అర్థం కాని ముఖం పెట్టి, పక్కన అందరూ నవ్వుతున్నారా లేదా అని కళ్లతో వెతికి, అందరూ నవ్వారని తేలాక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "హిహిహి" అంది.

గొంతు గ్రేసీదే, ఏమాత్రం మారలేదు. అయినా కోమలి గుర్తుపట్టింది. అది తానే. స్టేజీ అంచు మీద కూర్చున్న తాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది మోహన. ఆ అలవాటు తనకు ఎప్పుడు అంటుకుందో కోమలికి తెలియనే తెలియదు.

"అట్ల సేసినానా నేను?"

"రోజూ. లైబ్రరీ కిటికీలో నుంచి బాగా అగుపడతాది."

"మల్లా సెయ్."

గ్రేసీ మళ్లీ చేసింది. ఈసారి వెతికే కళ్లు ఇంకొంచెం ఎక్కువ వెతికాయి. కోమలి నోరంతా తెరిచి, టమోటా బుట్ట మీద పడి నవ్వింది. ప్రేమానందానికి ఏమీ అర్థం కాలేదు గానీ, ఇద్దరూ నవ్వుతుంటే అతనికీ నవ్వొచ్చింది. ఆటో రోడ్డు పక్కకు ఆపాల్సి వచ్చింది. "దిగి ఎనక్కి పోమ్మే, నీ గలాటాతో బండి గుంతలో పడతాది," అని కూతుర్ని వెనక్కి పంపించాడు.

నవంబరులో బాలల దినోత్సవానికి కార్యక్రమాలు పెట్టారు. శకుంతలమ్మ టీచరు కోమలిని పిలిచి, "నువ్వు మిమిక్రీ చేస్తావుగా, పేరు రాసుకుంటాను," అంది.

"రెండు పేర్లు రాసుకోండి టీచర్. గ్రేసీ కూడా."

"గ్రేసీకి మిమిక్రీ వచ్చా?"

"రాదు టీచర్," అంది కోమలి. "కానీ గ్రేసీ లేకుంటే నాకూ రాదు."

పొద్దున ఊటవంక నుంచి పాకాలకు వచ్చే ఆటోనే వాళ్లు ఎంచుకున్నారు. ఎవరెవరు ఎక్కాలో గ్రేసీ చెప్పింది. రెండో చెవి ఇచ్చే పెద్దమ్మ, కోడిని సంచిలో పెట్టుకుని అది కోడి కాదని వాదించే తాత, పాకాల ఆసుపత్రికి పోతూ దారి పొడవునా తన రోగం కంటే పక్కింటివాళ్ల రోగం గురించే చెప్పే ఆమె. వాళ్లందరూ కోమలి. గ్రేసీ డ్రైవరు. ఆమెకు ఒకటే మాట, "ఇంకొకరు పడతారు, జరగండి."

ఆ రోజు మొదట మోహన వాళ్ల డాన్సు. ఆరుగురూ గజ్జెలు కట్టుకుని, ఒక్క అడుగు తప్పకుండా చేశారు. చప్పట్లు మోగిపోయాయి. కోమలి కూడా చేతులు ఎర్రబడేటట్టు కొట్టింది. తర్వాత వీళ్ల వంతు. పెద్దమ్మ ఎక్కింది, నవ్వారు. తాత ఎక్కి "కోడి గాదప్పా, గుమ్మడికాయ" అంటుండగా మైకు గుర్రుమని ఆగిపోయింది. వెనక వరుసల్లో గోల మొదలైంది. "యినపడలా!" అని భానుచందర్ అరిచాడు. ఎలక్ట్రీషియన్ కోసం ఎవరో పరిగెత్తారు.

కొన్ని వారాల కిందటైతే కోమలి గొంతు చించుకుని అరిచేది. ఇప్పుడు గ్రేసీ వైపు చూసింది. గ్రేసీ చూపు స్టేజీ కింద, నేల మీద కూర్చున్న ఆరో తరగతి పిలకాయల మీద ఉంది. వాళ్లు మెడలు సాచి, ఆ సంచిలో ఉన్నది ఏమిటో తెలుసుకోవాలని చూస్తున్నారు.

"కిందికి పోదాం," అంది గ్రేసీ.

ఇద్దరూ స్టేజీ దిగి పిలకాయల మధ్యకు వెళ్లారు. గ్రేసీ స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు పెట్టి, "ఇంకొకరు పడతారు, జరగండి," అంది. పిలకాయలు నిజంగానే జరిగారు. జరిగి, ఒకరి మీద ఒకరు పడి, ఆటోలో ఎక్కినట్టే ఇరుక్కుని కూర్చున్నారు. వెనక సగం స్కూలు లేచి మంచినీళ్లకూ కబుర్లకూ పోయింది. కోమలి అది చూసింది. పెద్దగా అనిపించలేదు. కోమలి తన చేతినే కోడి తలలాగా సంచిలోంచి బయట పెట్టి కూసినప్పుడు ఒక చిన్నపిల్ల కేకేసి వెనక్కి పడింది. దొరస్వామి సారు కుర్చీ తెచ్చుకుని ఆ గుంపు పక్కనే వేసుకున్నాడు.

మొదటి బహుమతి డాన్సుకు వచ్చింది. రెండోది ఎవరో పాట పాడిన అబ్బాయికి. వీళ్లకు ఏమీ రాలేదు. శకుంతలమ్మ టీచరు ఒక్కొక్కరికి ఒక్కో చిక్కీ ఇచ్చి, "మైకు లేకపోయినా నిలబడ్డారమ్మా," అంది.

సాయంత్రం అందరూ వెళ్లిపోతుంటే ఇద్దరూ గేటు పక్క గోడ మీద కూర్చుని, ప్రేమానందం ఆటో కోసం చూస్తున్నారు. తాత మాట్లాడేటప్పుడు సంచి ఇంకా గట్టిగా పట్టుకోవాల్సింది అని గ్రేసీ చెబుతోంది. కాదు, వదులుగా పట్టుకుంటేనే కోడి కదులుతుంది అని కోమలి వాదిస్తోంది. మోహన అటుగా వచ్చింది. ఒంటి మీద డాన్సు బట్టలు అలాగే ఉన్నాయి. చేతిలో బహుమతి కప్పు ఉంది. మిగతా ఐదుగురూ గేటు అవతల ఐస్‌క్రీం బండి దగ్గర ఉన్నారు.

"బాగా సేసినారు," అంది. పోతుందనుకున్నారు. పోలేదు. "ఒకటి అడగనా? మీరిద్దురూ రోజూ ఒకే ఆటోలో వస్తారు, ఒకే ఆటోలో పోతారు, మధ్యాన్నం గూడా కలిసే ఉంటారు. అంత సేపు ఏం మాట్లాడుకుంటారు?"

కోమలి నిజంగానే ఆలోచించింది. "కోడిని ఎట్ల పట్టుకోవాల్నని."

మోహన ఎగతాళి అనుకుంది, కాదని వాళ్ల ముఖాలు చూసి తెలుసుకుంది. "మేం శానామంది ఉండాము," అంది. "ఇంటికి పోయినాక మాత్రం ఎవురికి ఏం సెప్పాల్నో నాకు తోసదు."

అంతలో గ్రేసీ గోడ దిగి, వంగి మోహన పాదాల వైపు చూసింది. "కాలు కోసుకున్నాదే నీకు," అంది.

గజ్జెల తాడు బిగుసుకుని చీలమండ మీద చర్మం చీలింది. కింద తెల్లటి సాక్సు మీదికి రక్తం కారి ఎండిపోయి ఉంది. నాట్యం మొదట్లోనే కోసుకుని ఉండాలి. అంతసేపూ అలాగే ఆడింది, బహుమతి తీసుకుంది, ఫోటోలు దిగింది. ఎవరూ చూడలేదు.

"నొప్పి లేదా?" అంది కోమలి.

"ఉండాది," అంది మోహన. కప్పును గోడ మీద పెట్టేసింది.

గ్రేసీ అక్కడే మోకాళ్ల మీద కూర్చుని తాడు ముడి విప్పసాగింది. కోమలి నీళ్ల సీసా తీసి, గోడ మీద తన పక్కన చోటు చూపించింది. గేటు అవతల నుంచి భానుచందర్, "మోహనా, రామ్మే, కరిగిపోతాండాది!" అని పిలిచాడు.

"మీరు తినండప్పా, నేను తర్వాత వస్తా," అని అరిచి, మోహన గోడ ఎక్కి కూర్చుంది. చల్లటి నీళ్లు తగలగానే "స్స్" అంది. గ్రేసీ ముడిలోకి గోరు దూర్చి, "కదలవాకు, అయిపోయినాది, అయిపోయినాది," అంది.